కాలేజీ మ్యూజియంలో పాత జెల్లలు, వాలుగలు, మార్పు చేపలు: రిజిస్టర్ ఎలా కట్టాలి?

జువాలజీ_ల్యాబ్:

అందరికీ నమస్కారం. మాది డిగ్రీ కాలేజీ. జువాలజీ మ్యూజియం చేపల బీరువాలో మంచినీటి క్యాట్‌ఫిష్ సీసాలు అరవై దాకా ఉన్నాయి. జెల్లలు, వాలుగలు, మార్పులు, ఇంగిలాయిలు, కొన్ని పంగాస్‌లు. ఎక్కువ గోదావరివి, మిగతావి చెరువులవి. స్టాక్ రిజిస్టర్‌లో మాత్రం "ఫిష్ స్పెసిమెన్స్, 1 లాట్" అన్న ఒక్క ముక్కే ఉంది.

వీటికి సరైన క్యాటలాగ్ తయారుచేసి, కుదిరితే జీబిఫ్‌లో (జీవజాతుల రికార్డులు అందరికీ పంచే అంతర్జాతీయ ఆన్‌లైన్ డేటాబేస్) కూడా పెట్టాలని ఉంది. ఇబ్బందులు ఇవి. సీసాల్లో ఉన్నది ఫార్మలినో స్పిరిటో తెలియదు, చాలావాటిలో సగానికి దిగిపోయింది. ఒక సీసాలో లేబుల్ ఇలా ఉంది: "మాక్రోన్స్ సీంఘాలా, ఆర్. గోదావరి, వరంగల్ డిస్ట్., 4-7-58". ఆ పేరు ఇప్పుడు పుస్తకాల్లో లేదు. ఇంకో సీసాలో ఐదు చిన్న జెల్లలున్నాయి, లేబుల్ ఒకటే, చూస్తే రెండు రకాల్లా ఉన్నాయి. రెండు సీసాలు పూర్తిగా ఎండిపోయాయి.

ఏ పని ముందు, ఏది వెనక? క్యాట్‌ఫిష్‌లకు ప్రత్యేకంగా ఏ కొలతలు తీసుకోవాలి? కాలేజీలకు గ్రేడు ఇచ్చే నాక్ బృందం వచ్చేలోపు పాత లేబుళ్లు తీసేసి అన్నిటికీ కొత్తవి ప్రింట్ చేసి అంటించమని పైనుంచి ఒత్తిడి ఉంది. అదొక్కటీ ఇప్పటిదాకా ఆపుతున్నాను.

---

సీసా_మూత:

ఆపి మంచి పని చేశారండి. పాత లేబుల్ ఎంత మురికిగా ఉన్నా, ఎంత తప్పుగా ఉన్నా తీయొద్దు. చేప పోతే ఇంకో చేప దొరుకుతుంది. 1958 నాటి గోదావరిలో ఏముందో చెప్పే ఆ కాగితం పోతే మళ్లీ రాదు. సీసా పైన అంటించిన లేబుల్ ఊడిపోయేలా ఉంటే ఫోటో తీసి, పాలిస్టర్ కవర్‌లో పెట్టి అదే నంబర్‌తో ఫైల్ చేయండి. లోపల ఉన్న లేబుల్ లోపలే ఉండాలి, కొత్తది దాని పక్కన చేరాలి.

మూత తీయకముందే చేయాల్సిన పని ఒకటుంది. సీసాలు బీరువాలో ఏ వరసలో ఉన్నాయో అలాగే, అర అరకీ ఫోటో తీయండి. తర్వాత ఒక్కో సీసాకీ నాలుగు వైపులా తీయండి. పక్కపక్కన ఉన్నవి చాలాసార్లు ఒకే ట్రిప్‌లో పట్టినవై ఉంటాయి, లేబుల్ లేని సీసా ఎక్కడిదో చెప్పడానికి ఆ వరసే ఆధారం కావచ్చు. ప్రతి సీసాకీ పెన్సిల్‌తో రాసిన తాత్కాలిక నంబర్ దారంతో మెడకు కట్టండి. అసలు నంబర్ తర్వాత.

ద్రవం ఏదో వాసన చూసి తేల్చకండి. ఫార్మలిన్ ఆవిరి క్యాన్సర్ కారకం. కిటికీలు తెరిచి, నైట్రైల్ గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకుని డ్రాపర్‌తో కొంచెం తీయండి. గ్లాసు నీళ్లలో ఉపరితలం దగ్గర మెల్లగా వదలండి. స్పిరిట్ అయితే తీగలు తీగలుగా పైనే తేలుతుంది, ఫార్మలిన్ కిందికి జారుతుంది. ఖాయం చేసుకోవడానికి హైడ్రోమీటర్ పెట్టండి. 70% ఆల్కహాల్ సాపేక్ష సాంద్రత 0.89 దగ్గర, 50% ఆల్కహాల్‌ది 0.93 దగ్గర ఉంటుంది. 10% ఫార్మలిన్‌ది 1 కన్నా కాస్త ఎక్కువే. ఫార్మాల్డిహైడ్ స్ట్రిప్ కూడా వాడొచ్చు గానీ, ఫార్మలిన్‌లో ఫిక్స్ చేసి (కుళ్లకుండా గట్టిపరచి) స్పిరిట్‌లోకి మార్చిన చేప చుట్టూ కూడా ఎంతో కొంత మిగులు ఉంటుంది కాబట్టి స్ట్రిప్ రంగు లేతగా మారినంత మాత్రాన కంగారు పడొద్దు.

ఆల్కహాల్‌మీటర్ వాడితే ఎండాకాలంలో జాగ్రత్త. అవి సాధారణంగా 20 డిగ్రీలకు గుర్తులు వేసినవి. 70% దరిదాపుల్లో ప్రతి మూడు డిగ్రీలకూ ఇంచుమించు ఒక శాతం ఎక్కువ చూపిస్తుంది. మన ల్యాబ్‌లో 35 డిగ్రీలుంటే మీటర్ 75 అంటుంది, నిజానికి ఉన్నది 70. ఈ తేడా లెక్కలోకి తీసుకోకపోతే బలహీనంగా ఉన్న సీసాని బాగానే ఉందని వదిలేస్తాం.

దిగిపోయిన సీసాలో 70% స్పిరిట్ పోసి నింపడం అందరూ చేసేదే. అది చాలదు. ముందు ఎగిరిపోయేది ఎక్కువగా ఆల్కహాలే, మిగిలేది పలచటి ద్రవం. లీటరు సీసాలో 600 మి.లీ. మిగిలి, అది 50% ఉందనుకోండి. 400 మి.లీ. 70% స్పిరిట్ పోస్తే మొత్తం 58% అవుతుంది. అదే 400 మి.లీ. 95% స్పిరిట్ పోస్తే 68%కి వస్తుంది. అందుకే కొలవకుండా పోయొద్దంటాను. కొలిచినది 40% కన్నా తక్కువైతే ఒక్కసారిగా 70కి తీసుకెళ్లకుండా మధ్యలో 50 దగ్గర రెండు మూడు రోజులు ఆపండి, లేకపోతే కళ్లు గుంటలు పడి, పొట్ట చర్మం ముడుచుకుపోతుంది.

70% తయారీకి 95% రెక్టిఫైడ్ స్పిరిట్ 700 మి.లీ. కొలజాడీలో తీసుకుని, మొత్తం 950 మి.లీ. గీతకు వచ్చేదాకా డిస్టిల్డ్ వాటర్ పోయండి. 250 మి.లీ. నీళ్లు విడిగా కొలిచి కలిపితే లెక్క తప్పుతుంది, ఎందుకంటే రెండూ కలిసినప్పుడు పరిమాణం కాస్త తగ్గుతుంది. బోరు నీళ్లు వద్దు, అందులోని సున్నం తెల్లటి పొడిగా స్పెసిమెన్ మీద పేరుకుంటుంది.

ఫార్మలిన్‌లో ఉన్నవాటిని స్పిరిట్‌లోకి మార్చాలనుకుంటే నీళ్లలో రెండు మూడు రోజులు, రోజూ నీళ్లు మారుస్తూ నానబెట్టండి. పెద్ద వాలుగకు వారం. తర్వాత 35, 50, 70 శాతాల్లో మెట్టు మెట్టుగా. పారబోసే ఫార్మలిన్ సింకులోకి వెళ్లకూడదు. క్యాన్‌లో పోగుచేసి రసాయన వ్యర్థాలు తీసుకునే అధీకృత ఏజెన్సీకి ఇవ్వాలి. ద్రవం పసుపు పచ్చగా ఉంటే అది చేప కొవ్వు, మార్చనక్కర్లేదు. లోపల చేప కనిపించనంత మురికైతేనే మార్చండి.

లేబుల్ కాగితం వంద శాతం కాటన్‌ది, రాత పిగ్మెంట్ ఇంక్‌తో గానీ పెన్సిల్‌తో గానీ. బాల్‌పెన్ ఇంక్ స్పిరిట్‌లో కరిగిపోతుంది. లేజర్ ప్రింట్ చూడ్డానికి బాగుంటుంది గానీ కొన్నాళ్లకు టోనర్ పొరలుగా లేచి, అక్షరాలు సీసా అడుగున నల్లటి పొట్టులా చేరతాయి. ఎండిన తర్వాతే సీసాలో వేయండి. ఇక మూతలు: ఇనుప మూత తుప్పు పడుతుంది, బేకలైట్ పగులుతుంది. పాలీప్రొపిలీన్ మూత, లోపల పాలిథిలిన్ ఫోమ్ లైనర్ ఉన్నది కొనండి. ఆరునెలలకోసారి మట్టం చూడండి.

---

మీసాల_లెక్క:

పైన చెప్పినవన్నీ సరే. నేను గుర్తింపు, కొలతల సంగతి చెప్తాను.

ముందు మీ మాక్రోన్స్ ముడి. ఆ ప్రజాతి (జీనస్) పేరు అప్పటికే ఒక పురుగుకు ఉంది కాబట్టి చేపకు చెల్లలేదు. ఆ చేపలు మిస్టస్‌లోకి, సీంఘాలా తర్వాత అయోరిక్తిస్‌లోకి, అక్కడి నుంచి స్పెరాటాలోకి వెళ్లాయి. ఇప్పుడు స్పెరాటా సీంఘాలా, సైక్స్ 1839లో దక్కన్ చేపల నుంచి వర్ణించినది. ఇలాంటివి మీ బీరువాలో ఇంకా తగులుతాయి. శాకోబ్రాంకస్ అని ఉంటే హెటెరోప్న్యూస్టెస్, అంటే ఇంగిలాయి. కాలిక్రస్ అంటే ఓంపాక్. సిలుండియా అంటే సిలోనియా. చెల్లుబాటు అయ్యే పేరు కాలిఫోర్నియా అకాడమీ వాళ్ల ఎష్‌మేయర్ క్యాటలాగ్‌లో చూసుకోండి, ఆన్‌లైన్‌లో ఉచితం.

అయితే పేరు మార్చడం వేరు, గుర్తించడం వేరు. లేబుల్ మీది పాత పేరుకు కొత్త పేరు వెతికి రాసేస్తే మీరు చేపను చూడనట్టే లెక్క. దీనికి మంచి ఉదాహరణ మార్పు చేప. పాత లేబుళ్లన్నీ క్లేరియస్ బట్రాకస్ అంటాయి. 2008లో జరిగిన పునఃపరిశీలనలో ఆ పేరు జావా చేపకే పరిమితమైంది, మనది క్లేరియస్ మాగుర్. కానీ సీసా 1990ల తర్వాతదైతే అది ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్, క్లేరియస్ గారిపినస్ కూడా కావచ్చు. తల వెనక ఆక్సిపిటల్ ఎముక అంచు చూడండి. మాగుర్‌లో ఒకే గుండ్రటి కొన వెనక్కి వస్తుంది, గారిపినస్‌లో అంచు కోణాలుగా విరిగి ఉంటుంది.

పంగాస్‌ల సంగతీ అంతే. పెల్విక్ ఫిన్ (పొట్ట కింది రెక్క) రేలు, అంటే రెక్కలోని పుల్లలు లెక్కపెట్టండి. 6 ఉంటే మన నదుల పంగాసియస్ పంగాసియస్. 8 లేదా 9 ఉంటే చెరువుల్లో పెంచే పంగాసియనోడాన్ హైపోఫ్తాల్మస్. రెండో చేప మన దేశంలోకి వచ్చిందే 1990ల్లో. 1958 లేబుల్ ఉన్న సీసాలో 8 రేల చేప కనిపించిందంటే ఎవరో సీసాలు కడిగినప్పుడు లేబుల్ మారిందన్నమాట. అలా తేలితే లేబుల్ తీసేయకండి, రిమార్కులో రాయండి.

కొలతలు 0.1 మి.మీ. చూపే డిజిటల్ కాలిపర్‌తో, ఎప్పుడూ ఎడమ వైపు, బిందువు నుంచి బిందువుకు సరళరేఖలో. వంపు వెంబడి టేపు పెట్టకూడదు. స్టాండర్డ్ లెంగ్త్ ముట్టె కొన నుంచి తోక ఎముక హైప్యూరల్ చివరిదాకా. తోకను పక్కకు వంచితే మడత పడే గీతే ఆ చివర. తల పొడవు తీసేటప్పుడు మొప్ప మూత ఎముక అంచు వరకా, దాని మెత్తటి పొర అంచు వరకా అన్నది ముందే తేల్చుకుని రిజిస్టర్ మొదటి పేజీలో రాసిపెట్టండి. పెద్ద జెల్లల్లో రెండింటికీ తేడా బాగానే ఉంటుంది. ఒకరు ఒకలా, ఇంకొకరు ఇంకోలా కొలిస్తే ఆ నిష్పత్తులు ఎందుకూ కొరగావు.

ప్రీడార్సల్, ప్రీపెల్విక్, ప్రీయానల్ దూరాలు (ముట్టె కొన నుంచి వీపు రెక్క డార్సల్, పొట్ట రెక్క పెల్విక్, మలద్వారం వెనక రెక్క ఆనల్ మొదళ్లకు), శరీరం లోతు, కాడల్ పెడంకిల్ (తోక రెక్క ముందు సన్నటి భాగం) పొడవు, లోతు, కంటి వ్యాసం, కళ్ల మధ్య దూరం, ముట్టె పొడవు ఏ చేపకైనా తీసేవే. క్యాట్‌ఫిష్‌కు అదనంగా ఇవి కావాలి: ప్రతి మీసం పొడవు (ముక్కు దగ్గరిది, పైదవడది, కిందిదవడ లోపలిది, బయటిది), అడిపోజ్ ఫిన్ (వీపు మీద వెనక ఉండే కొవ్వు రెక్క) మొదలు పొడవు, డార్సల్ ఫిన్ చివర నుంచి అడిపోజ్ మొదలుకు దూరం, డార్సల్, పెక్టోరల్ (మొప్ప వెనక రెక్క) ముళ్ల పొడవు, ఆక్సిపిటల్ ప్రాసెస్ (తల వెనక పొడుచుకొచ్చిన ఎముక) పొడవు.

ఇందులో తప్పులు దొర్లే చోట్లు చెప్తాను. మీసం కొన విరిగి ఉంటే అంకె రాయొద్దు, "విరిగింది" అని రాయండి. విరిగిన మీసం కొలతతో స్పెరాటా అయోర్ కాస్తా సీంఘాలా అయిపోతుంది. అయోర్‌కు పైదవడ మీసాలు తోక మొదలు దాకా పోతాయి, సీంఘాలాకు డార్సల్ ఫిన్ దగ్గరే ఆగిపోతాయి, ముట్టె గరిటెలా చదునుగా ఉంటుంది. కుడి మీసం బాగుంటే అది కొలిచి, కుడిది అని రాయండి. ముల్లు పొడవు అంటే గట్టి ఎముక భాగమే, కొనన ఉండే మెత్తటి తీగ కలపకూడదు. అడిపోజ్ ఫిన్ ఎక్కడ మొదలైందో కనిపించకపోతే వెనక నుంచి టార్చ్ వేయండి, కొవ్వు భాగం వెలుగు పోనిస్తుంది, కండ పోనివ్వదు.

డార్సల్ ముల్లు లేచి బిగుసుకుపోయి ఉంటే బలంగా వంచకండి, విరుగుతుంది. దాని ముందు చిన్న ముల్లు ముక్క ఒకటుంటుంది, తాళం అదే. దాన్ని నొక్కి పట్టుకుని పెద్ద ముల్లును వెనక్కి వాల్చండి. ఫిన్ సూత్రం రాసేటప్పుడు ఈ చిన్న ముక్కను లెక్కలో వేసినవాళ్లు 2 ముళ్లు, 7 రేలు అని రాస్తారు, వేయనివాళ్లు 1, 7 అంటారు. ఏది పాటించినా అన్నిటికీ ఒకటే పాటించండి. ఇంగిలాయి పెక్టోరల్ ముల్లు విషపుది, స్పెసిమెన్ పాతదైనా గ్లవ్స్ చీల్చి గుచ్చుకుంటుంది. పలచటి గ్లవ్స్ మీద నమ్మకం పెట్టుకోకుండా ముళ్లను ఫోర్సెప్స్‌తోనే కదపండి.

వాలుగ ఆనల్ ఫిన్ రేలు ఎనభై దరిదాపుల్లోనో ఆ పైనో ఉంటాయి, చివరివి చర్మంలో పూడుకుపోయి ఉంటాయి. కింద లైట్ పెట్టి, పదేసి చొప్పున సూదితో గుర్తుపెట్టుకుంటూ, రెండుసార్లు లెక్కించి రెండు అంకెలూ రాయండి. గిల్ రేకర్లు (మొప్ప విల్లు మీది దువ్వెన పళ్లలాంటివి) మొదటి ఆర్చ్ మీద, కుడి వైపు లెక్కించండి. ఏ కోత పెట్టినా కుడి వైపే. ఎడమ వైపు ఫోటోకు, కొలతకు వదలాలి.

మీ ఐదు చిన్న జెల్లల సీసా: ఇది మిస్టస్‌లలో చాలా మామూలే. అడిపోజ్ పొడవుగా ఉండి డార్సల్ ఫిన్ వెనకాలే మొదలై, మీసాలు తోక దాకా పోతే మిస్టస్ కావాసియస్. అడిపోజ్ పొట్టిగా, డార్సల్‌కు బాగా ఎడంగా ఉండి, ఒంటి మీద తల నుంచి తోక వైపు పొడవునా గీతలు, భుజం దగ్గర మచ్చ ఉంటే మిస్టస్ విట్టాటస్. అడిపోజ్ పొడవుగానే ఉన్నా మీసాలు ఆనల్ ఫిన్ దాటకపోతే బ్లీకెరి అనుకుని మిగతా లక్షణాలు చూడండి. ఫార్మలిన్‌లో వెండి మెరుపు పోతుంది గానీ నల్ల మచ్చలు, గీతలు చాలాకాలం నిలుస్తాయి కాబట్టి అవి నమ్మదగ్గవే. అంతా చూశాక కూడా తేలకపోతే "మిస్టస్, కావాసియస్‌ని పోలినది" అని రాసి ఆపేయండి. అనుమానంతో రాసిన జాతి పేరు ఒకసారి జీబిఫ్‌లోకి వెళ్లిందంటే దాన్ని పట్టుకుని పటాలు గీసేవాళ్లు ఉంటారు.

సీసాను రెండుగా విడదీయాల్సిందే. పాత నంబర్ ఎక్కువ చేపలున్న రకానికి ఉంచి, రెండోదానికి కొత్త నంబర్ ఇవ్వండి. రెండు చోట్లా "ఫలానా నంబర్ నుంచి విడదీసినది" అని రాయండి, పాత లేబుల్ మొదటి సీసాలోనే ఉంచి దాని నకలు కాటన్ కాగితం మీద చేత్తో రాసి రెండో సీసాలో పెట్టండి.

---

పటం_రంగడు:

ఇద్దరూ చేప గురించి చెప్పారు, నేను "వరంగల్ డిస్ట్." గురించి చెప్తాను. అసలు గందరగోళం అక్కడే మొదలవుతుంది.

ఇప్పటి జిల్లాల జాబితా దగ్గర పెట్టుకుని ఆ లేబుల్‌కు "వరంగల్ జిల్లా" అని డ్రాప్‌డౌన్‌లో ఎంచుకున్నారనుకోండి, తప్పు. ఇప్పటి వరంగల్ జిల్లాను గోదావరి తాకదు. 1958లో ఉమ్మడి వరంగల్ జిల్లాకు గోదావరి ఏటూరునాగారం, మంగపేట వైపు సరిహద్దు. ఆ ప్రాంతం 2016లో జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోకి, 2019లో ములుగు జిల్లాలోకి వెళ్లింది. ఖమ్మం 1953లోనే వరంగల్ నుంచి విడిపోయింది కాబట్టి ఆ దిగువ భాగం లెక్కలోకి రాదు. ఎగువన కాళేశ్వరం అప్పట్లో కరీంనగర్‌ది. ఎదురుగా ఎడమ గట్టున ఉన్న వెంకటాపురం వైపు 1959 దాకా తూర్పు గోదావరి జిల్లా. అంటే లేబుల్ రాసినవాళ్లు జిల్లా పేరు సరిగ్గా రాశారని అనుకుంటే, చేప కుడి గట్టున, ఏటూరునాగారం అటూ ఇటూ ఉన్న నదీ భాగంలో పట్టినది. "గోదావరి" అన్న ఒక్క మాట నుంచి ఇక్కడిదాకా వచ్చాం.

రాయడం ఇలా. "వెర్బాటిమ్ లొకాలిటీ" గడిలో లేబుల్‌లో ఉన్నది ఉన్నట్టు, అక్షరదోషాలతో సహా, చుక్క కూడా మార్చకుండా. వేరే గడిలో మీ అన్వయం: ఇప్పటి రాష్ట్రం, జిల్లా, నది. ఇంకో గడిలో ఆ అన్వయానికి కారణం. అక్షాంశ రేఖాంశాలు ఆ నదీ భాగం మధ్య బిందువుకు ఇచ్చి, దాని రెండు కొసల్లో దూరంగా ఉన్నదానిదాకా ఉన్న దూరాన్ని "అనిశ్చితి" గడిలో మీటర్లలో రాయండి. పదుల కిలోమీటర్లు వస్తుంది, రానివ్వండి. ఏటూరునాగారం బస్టాండ్‌కు పిన్ను గుచ్చి అనిశ్చితి ఖాళీగా వదిలేయడమే నేరం, చూసేవాళ్లకు అది కచ్చితమైన స్థలంలా కనిపిస్తుంది.

ఇలాంటి ఉచ్చులు ఇంకొన్ని. "హైదరాబాద్ స్టేట్" అని ఉంటే 1956 నవంబరు 1కి ముందుది, తేదీ లేని సీసాకు అది పై హద్దు. ఉత్తి "గోదావరి డిస్ట్." అని ఉంటే ఆ జిల్లా పేరు తూర్పు గోదావరిగా మారిన 1925కు ముందుది కావచ్చు. ఆంధ్రలో 2022లో 13 జిల్లాలు 26 అయ్యాయి కాబట్టి కొల్లేరు, పాపికొండల సీసాలకూ ఇదే పద్ధతి. 2016 తర్వాతి లేబుల్ మీద "వరంగల్" ఉంటే ఇంకో తిరకాసు: అప్పట్లో అర్బన్, రూరల్ అని రెండు, 2021లో అర్బన్ హనుమకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది. నాగార్జునసాగర్ ముంపు ఊళ్ల పేర్లు కనిపిస్తే పాత టోపోషీట్లలో వెతకండి, ఇప్పటి పటాల్లో వాటి చోట నీళ్లే ఉంటాయి.

తేదీ. 4-7-58ని మనవాళ్లు రాసేదాన్ని బట్టి జూలై 4 అనుకోవచ్చు. కానీ ఎక్సెల్‌లో టైపు చేస్తే కంప్యూటర్ సెట్టింగు అమెరికాదైతే చప్పుడు చేయకుండా ఏప్రిల్ 7 చేస్తుంది. "12-3-26" అని 1926 నాటి లేబుల్ ఉంటే దాన్ని 2026 చేస్తుంది, ఎందుకంటే రెండంకెల సంవత్సరం 29 దాకా ఉంటే రెండు వేలల్లో వేసుకుంటుంది. షీట్ తెరవగానే ఆ కాలమ్ మొత్తం టెక్స్ట్‌గా మార్చండి, అప్పుడే టైపు మొదలుపెట్టండి. టైపు చేశాక మారిస్తే లాభం లేదు.

---

జువాలజీ_ల్యాబ్:

ముగ్గురికీ చాలా థాంక్స్ అండి. ములుగు సంగతి అసలు ఊహించలేదు. ఇంకో మూడు సందేహాలు. ఒకటి, ఎండిపోయిన రెండు సీసాల్లో ఒకటి మూర పొడవు వాలుగ, ఇంకోటి చిన్న జెల్లలు. వీటిని మళ్లీ ద్రవంలోకి తేవచ్చా? రెండు, రెక్టిఫైడ్ స్పిరిట్ కోటా ఈ ఏడాది తక్కువ వచ్చింది, మెడికల్ షాపులో దొరికే డినేచర్డ్ స్పిరిట్ వాడొచ్చా? మూడు, నంబర్ చేప ఒంటికి కట్టాలా, సీసాకు చాలా?

---

సీసా_మూత:

ఎండినవాటికి ముందు ఫోటో, కొలవగలిగిన కొలతలు. నానబెట్టాక ఆకారం మారుతుంది, ఒక్కోసారి చర్మం ఊడుతుంది. తర్వాత 0.5% ట్రైసోడియం ఫాస్ఫేట్ ద్రావణం, అంటే లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో 5 గ్రాములు. చిన్న జెల్లలను అందులో ముంచి కొన్ని గంటలకోసారి చూడండి, కండ మెత్తబడి మునిగితే తీసేయండి. ఎక్కువసేపు ఉంచితే జెల్లీ అవుతుంది. మీసాలు, ముళ్లు ఎండుపుల్లల్లా ఉంటాయి కాబట్టి నానేదాకా సరిచేయడానికి ముట్టుకోవద్దు. తర్వాత నీళ్లలో కడిగి 30, 50, 70 మెట్లు. వాలుగ మాత్రం లోపల ఎముక బయటపడి, కండ చెక్కలా అయిపోయి ఉంటే వదిలేసి పొడి నమూనాగానే ఉంచడం మేలు. పుర్రె, వెన్నుపూస, పళ్లు బాగుంటే పొడి అస్థిపంజరంగా అదే ఎక్కువ ఉపయోగం. పెట్టెలో పెట్టి, పురుగు పట్టకుండా రెండు వారాలు మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో ఉంచి తీయండి. రిజిస్టర్‌లో "ద్రవంలో ఎండి, పొడిగా ఉంచినది" అని రాయండి, లేకపోతే ముందుముందు కొలిచేవాళ్లు కుంచించుకుపోయిన చేపను మామూలు చేపతో పోలుస్తారు.

డినేచర్డ్ స్పిరిట్ వద్దు. అందులో ఏం కలిపారో బ్యాచ్ బ్యాచ్‌కూ మారుతుంది, నీళ్లు పోస్తే చాలావరకు పాలలా విరుగుతుంది. కోటా చాలనప్పుడు 50 నుంచి 55% ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మంచి ప్రత్యామ్నాయం, కొన్ని చేపల మ్యూజియాలు మొదటి నుంచీ అదే వాడుతున్నాయి. కానీ ఇథైల్ ఉన్న సీసాలో ఐసోప్రొపైల్ పోసి కలపకండి. కలిపాక హైడ్రోమీటర్ అంకెకు అర్థం ఉండదు. సీసా మొత్తం మార్చండి, ఏది వాడారో లేబుల్ మీద రాయండి. కోటా తక్కువ కదా, ముందు సగానికి దిగినవి, తర్వాత లేబుల్ ఉన్నవి, చివర లేబుల్ లేనివి.

---

మీసాల_లెక్క:

నంబర్ సంగతి: కొలిచిన ప్రతి చేపకూ విడిగా ట్యాగ్ కట్టాల్సిందే. సీసాకే నంబర్ ఉండి లోపల ఐదు చేపలుంటే, మీరు రాసిన ఐదు వరసల కొలతల్లో ఏది ఏ చేపదో మర్నాడే చెప్పలేరు. 42వ లాట్ అయితే 42-1, 42-2 ఇలా. మామూలుగా నోట్లోంచి మొప్ప వరకు దారం పోనిస్తారు గానీ క్యాట్‌ఫిష్‌కు అలా చేస్తే మీసాలు దారంలో చిక్కుకుని విరుగుతాయి. తోక ముందు కాడల్ పెడంకిల్ చుట్టూ తెల్ల పాలిస్టర్ దారం వదులుగా చుట్టి ముడేయండి. బిగిస్తే అక్కడి లోతు కొలత పోతుంది. రంగు దారం వద్దు, స్పిరిట్‌లో రంగు దిగుతుంది. ఇత్తడి, తగరం బిళ్లలూ వద్దు.

నంబర్‌లో జాతి, జిల్లా, సంవత్సరం ఇమిడ్చే తెలివితేటలు పనికిరావు. గుర్తింపు మారుతుంది, జిల్లా మారుతుందని ఇప్పుడే చూశాం. కాలేజీ పొట్టి పేరు, తర్వాత 0001 నుంచి వరసగా. సీసా పగిలి చేప పోయినా ఆ నంబర్ ఇంకోదానికి ఇవ్వొద్దు, "నష్టం" అని రాసి వదిలేయండి. జాతి పేరు పక్కన ఎవరు, ఎప్పుడు, ఏ లక్షణం చూసి గుర్తించారో మూడు గడులు పెట్టండి. తర్వాత ఎవరైనా పేరు మారిస్తే పాత వరస కొట్టేయకుండా కింద ఇంకో వరస చేర్చాలి.

ఫోటోకు చేపను అడుగున నల్ల గుడ్డ పరిచిన గాజు ట్రేలో, పూర్తిగా ద్రవంలో మునిగేలా పెట్టండి. పొలుసుల్లేని తడి చర్మం గాలిలో అద్దంలా మెరిసి వివరాలన్నీ మింగేస్తుంది. ఎడమ వైపు, పైనుంచి, కిందినుంచి, తల పైభాగం దగ్గరగా, పక్కన స్కేలు, నంబర్. మీసాలను సూదులతో అటూ ఇటూ ఆనించి పరచొచ్చు, గుచ్చకూడదు.

గుర్తింపు తేలనివి పక్కన పెట్టి హైదరాబాద్‌లోని జడ్‌ఎస్‌ఐ (జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా) మంచినీటి జీవశాస్త్ర ప్రాంతీయ కేంద్రాన్ని సంప్రదించండి, అక్కడ పోల్చి చూడటానికి స్పెసిమెన్లు ఉంటాయి. సీసాలు మోసుకెళ్లేముందు ఫోటోలు, కొలతలు పంపండి. స్పెరాటా, రీటా, బగారియస్ మటుకు ఫోటోతో తేలడం కష్టం, అవి తీసుకెళ్లాల్సే వస్తుంది. అప్పుడు సీసాతో కాకుండా, స్పిరిట్‌లో తడిపిన గాజుగుడ్డలో చుట్టి, రెండు జిప్ కవర్లలో వేసి పట్టుకెళ్లండి. ముళ్ల కొనలకు స్ట్రా ముక్కలు తొడగండి, లేకపోతే దారిలోనే కవర్లు చిల్లులు పడతాయి.